జానెత్ వైపు ఎదురుగాలి

జానెత్,
జూన్ రెండో వారం

తెహిత్‌కి అక్క ఖౌలెన్ దీవెనలు.

నువ్వు తమన్‌రాసెత్‌లో బతికే ఉన్నావని నర్సు సఫియా చెబితే తెలిసింది. సంతోషం. ఈ ఉత్తరం ఆవిడ చేతికే ఇస్తున్నాను. మీ బావ ఉక్సెం శనివారం ఎలాగూ అటే వస్తాడు కదా, ఆయనకెందుకు ఇవ్వలేదంటావు. చదివితే తెలుస్తుంది. ఎర్ర ఉన్నిదారంతో కట్టాను, అమ్మ నేర్పిన ముడి. అది విప్పి మళ్ళీ అలాగే వేయడం మన ఇంటి ఆడవాళ్ళకి తప్ప ఎవరికీ చేతకాదు. ముడి మారి ఉంటే నాకు కబురు చెయ్.

ఒక్క ప్రశ్న. నువ్వు పటాలు గీసే ఆఫీసులో ఉన్నావు కాబట్టి అడుగుతున్నాను. మీ ఊరి నుంచి మా ఊరికి గాల్లో ఎంత దూరం? విమానానికి ఎంతసేపు పడుతుంది?

నవ్వకు. నేను విమానం ఎక్కినదాన్ని కాదు. మీ బావ అక్కడ ఆ విమానాలకి ఇంధనం పట్టే పనిలో చేరాక పదిహేను రోజులకోసారి బుధవారం ఇంటికొస్తాడు. మొదట్లో మధ్యాహ్నం నమాజు వేళకి వాకిట్లో ఉండేవాడు. రంజాన్ తర్వాత నుంచి సూర్యుడు దిగితే గానీ రావడం లేదు. అడిగితే, "కొత్త విమానం చిన్నది, జానెత్ వైపు ఎదురుగాలి" అంటాడు. ప్రతిసారీ ఎదురుగాలే. ఆ గాలికి నా కాపురం తప్ప వేరే దిక్కు లేదు కాబోలు.

అమ్మ సంగతి. ఏడాదిగా మసకబారుతున్న చూపు రంజాన్‌లో పూర్తిగా పోయింది. మామయ్య గుడారం నుంచి తెచ్చి నా దగ్గరే పెట్టుకున్నాను. అత్తగారు ఇంట్లో ఉంటే అల్లుడికి ఎంత ఇరుకో నీకు తెలుసు కదా, ఆవిడ ముందు మగవాడు మొహం మీది ముసుగు దించకూడదు, ఎదురుగా తినకూడదు. చూపు పోవడంలో ఉన్న సుఖం అదొక్కటే, ఇక ఆ గొడవ లేదు. రోజంతా వాకిట్లో గోడకి చేరబడి కూర్చుంటుంది. తిండి తగ్గింది గానీ పొగాకు నమలడం తగ్గలేదు. ఎవరో ఒకరు తెచ్చిపెడుతూనే ఉంటారు, ఆవిడ సంచి ఖాళీ అవడం నేను చూడలేదు.

దూరం సంగతి రాయి. ఆయన్ని మాత్రం అడగకు.

ఖౌలెన్

*

తమన్‌రాసెత్,
జూన్ చివర

అక్కా,

ముడి నీ ముడే, ఎవరూ విప్పలేదు.

నీ ఉత్తరం చదవగానే ఆఫీసులో గోడ పటం ముందు నిలబడ్డాను. అల్జీర్స్‌లో నాలుగేళ్ళు చదివి నేను నేర్చుకున్న విద్యకి ఇన్నాళ్ళకి ఒక పని దొరికింది. స్కేలు పెట్టి కొలిచాను. లారీ వెళ్ళే బాట కొండల్ని చుట్టుకుంటూ మూడు రోజులు సాగుతుంది. పైనుంచి పోతే నాలుగువందల నలభై కిలోమీటర్లు, అంతే. పటం మీద నా చిటికెనవేలు పెడితే నీ ఊరూ నా ఊరూ రెండూ దాని కింద దాక్కుంటాయి.

తర్వాత టికెట్లమ్మే ముసలాయన దగ్గరికి వెళ్ళాను. "జానెత్‌కి ఎంతసేపు పడుతుంది, తాతా?" అన్నాను.

"మనం తాగే మూడు గ్లాసుల టీ లెక్కన చెబుతానమ్మాయ్. మొదటి గ్లాసు అయ్యేలోపు కొండలు. రెండో గ్లాసు లోపు ఇసుక. మూడోది నోటి దాకా తీసుకెళ్తావు చూడు, దిగమంటారు."

"ఎదురుగాలి ఉంటే?"

"మూడోది కూడా తాగి దిగుతావు."

గంటంబావు అక్కా. గాలి అడ్డొస్తే ఇంకో పావుగంట. దిగాక విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి అరగంట బండి. పొద్దున పదింటికి ఇక్కడ విమానమెక్కిన మనిషి సూర్యాస్తమయానికి నీ గుమ్మంలో తేలుతున్నాడంటే, మధ్యలో ఒక పగలంతా ఎక్కడో దిగిపోయింది.

చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. పోయిన మంగళవారం సంతలో బావని చూశాను. నన్ను చూడలేదు. ఒక మూట పొగాకు కొన్నాడు, నాసిరకం కాదు, ఆకు చించి వాసన చూసి మరీ ఏరుకున్నాడు. దాంట్లో కలిపి నమిలే తెల్ల ఉప్పుగడ్డ కొన్నాడు. ఆ తర్వాత ఆడవాళ్ళ చెప్పులు, మెత్తటి తోలువి, చిన్న కాళ్ళవి. బావ పొగాకు నమలడు. నీ కాళ్ళు చిన్నవి కావు. ఏమీ అనుకోకు, చిన్నప్పుడు నీ చెప్పుల్లో నా రెండు కాళ్ళూ పట్టేవి.

అవి నీకు చేరాయా?

తెహిత్

*

జానెత్,
జూలై

తెహిత్,

చేరలేదు.

నీకు పెళ్ళి కాలేదు కాబట్టి పరాయి మొగుళ్ళ మూటలు లెక్కపెట్టే తీరిక ఉంది అని రాద్దామనుకున్నాను. రాశాను కూడా. ఇప్పుడు కొట్టెయ్యడానికి ఓపిక లేదు, అలాగే ఉండనీ.

ఈ బుధవారం పక్కింటి ఫదిమాత కొడుకు అదే విమానంలో వచ్చాడు. ఇంటికొచ్చాడు, స్నానం చేశాడు, రొట్టె తిన్నాడు, ఒక నిద్ర తీశాడు, లేచి తమ్ముణ్ణి కొట్టాడు. మీ బావ అప్పటికీ ఎదురుగాలితో పోట్లాడుతూనే ఉన్నాడు. ఫదిమాత గోడ మీంచి తొంగిచూసి, "మీవాడు రెక్క మీద కూర్చుని వస్తున్నాడేమో, అందుకే ఆలస్యం" అంది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఊరంతా నవ్వుతుంది.

ఆయన్నే నిలదీయొచ్చు కదా అంటావు. నేను అడగను. మగవాడు ఏ వేళకొచ్చాడని లెక్కలు కట్టే వంశం కాదు మనది. ఇల్లు ఆడదానిది. ఉన్నన్నాళ్ళు ఉంటాడు, ఉండకూడదనుకుంటే జీను తీసి గుమ్మం బయట పెడతాం. మాటలు అక్కర్లేదు. మన నాన్నమ్మ రెండుసార్లు పెట్టింది. నా పెళ్ళికి ఉక్సెం తన తండ్రి ఒంటె జీను తెచ్చి ఈ ఇంట్లో తగిలించాడు. ఈ మధ్య దాన్ని చూస్తుంటే ఎంత బరువుంటుందోనని అనిపిస్తోంది.

పొగాకు నమిలే ఆడదట. పళ్ళు గారపట్టిన దానికోసమా ఈ ప్రయాణమంతా? ఆ చిన్న కాళ్ళు ఎవరివో కనుక్కో.

ఖౌలెన్

*

తమన్‌రాసెత్,
జూలై, మంగళవారం

పూజ్యురాలైన అక్కగారికి,

ఈ ఉత్తరం బావగారే స్వయంగా తెస్తున్నారు కాబట్టి విశేషాలేమీ లేవు. ఇక్కడ ఎండలు బాగా కాస్తున్నాయి. ఆఫీసులో అందరూ కులాసా. మేకలు కులాసా అని తలుస్తాను. అమ్మకి నా సలాములు. ఉన్నిదారం రంగు వెలిసిందేమో చూసి చెప్పు.

నీ విధేయురాలైన చెల్లెలు

*

జానెత్,
ఆగస్టు మొదట్లో

తెహిత్,

దారం రంగు వెలవలేదు. ఉత్తరం తెరవలేదు. అదే నాకు ఇంకా భయంగా ఉంది. దాచుకునేది ఉన్నవాడికి మన మాటలు తెలుసుకోవాలని ఉండదా? ఆయనకి ఆ అవసరం కూడా లేదంటే ఎంత ధీమా.

నీ ఉత్తరం నా చేతిలో పెట్టేసరికి చీకటి పడింది. అమ్మ అప్పటికే పడుకుంది. ఈ మధ్య కోళ్ళకంటే ముందే పడుకుంటోంది. రొట్టె విరిచి పెట్టాను, సగమే తిన్నాడు. టీ పోశాను. మొదటి గ్లాసు పెదవికి తగిలించి పక్కన పెట్టాడు. నీకు తెలుసు కదా, పొద్దుట్నుంచి టీ పడని మనిషి మొదటి గ్లాసు ఎలా తాగుతాడో. ఇది ఎక్కడో మూడు గ్లాసులూ తాగొచ్చిన నోరు. బట్టలనిండా తుమ్మకట్టె పొగ వాసన. విమానాన్ని తుమ్మకట్టెలతో నడుపుతున్నారా అని అడగబోయి ఆగాను.

పిల్లలు లేని ఇల్లు నాది. వాడిది అంటూ ఆ జీను, ఒక గొడ్డలి, రెండు చొక్కాలు. సెప్టెంబరులో ఖర్జూరాలు కోశాక తేల్చేస్తాను. కోత మధ్యలో మగదిక్కు లేదనిపించుకోవడం నాకిష్టం లేదు.

ఒక్కటి మాత్రం తెలుసుకుని పోవాలనుంది. ఆ టీ పోసింది ఎవరు?

ఖౌలెన్

*

తమన్‌రాసెత్,
సెప్టెంబరు

అక్కా,

కూర్చుని చదువు. నేను జానెత్ వచ్చాను. నీ ఇంటికి రాలేదు.

పోయిన బుధవారం ఇక్కడి పెళ్ళివాళ్ళు ఒక గుంపు ఆ విమానం ఎక్కారు. ఆ ఆడవాళ్ళ మధ్య కళ్ళదాకా కొంగు లాక్కుని కూర్చున్నాను. బావ అందరికంటే వెనక, తోక దగ్గరి సీట్లో. ఒడిలో మూట. ఒకావిడ నన్ను పెళ్ళికూతురి తరఫు అనుకుంది, ఇంకొకావిడ పెళ్ళికొడుకు తరఫు అనుకుంది. ఇద్దరూ నా చెవిలో ఎదుటివాళ్ళని తిట్టారు.

గంటా ఇరవై నిమిషాలు. గాలి ఉంది, నిజమే. అబద్ధాల్లో ఎప్పుడూ ఒక నిజం కలుపుతారు.

దిగాక పెళ్ళివాళ్ళు బండ్లెక్కారు. ఒక డ్రైవరు బావని పిలిచాడు కూడా, "రా ఉక్సెం, చోటుంది" అని. బావ చెయ్యి ఊపి, విమానాశ్రయం వెనక కావలివాడి ఇంటివైపు నడిచాడు. నేను తిరుగు విమానం వేళదాకా గోడ నీడలో ఉన్నాను. తుమ్మచెట్టు కింద ఒకావిడ చాప పరిచింది, కట్టెలు రాజేసింది. ఆవిడే పోసింది టీ. నలభై దాటి ఉంటాయి. పొగాకు నములుతుంది. నమిలి ఊసినప్పుడు చూశాను.

అక్కడితో ఆగి నీకు రాసేస్తే సరిపోయేది. కానీ నా కళ్ళు ఊరుకోవు. ఆవిడ మొగుడు, ఆ కావలివాడు కూడా పక్కనే కూర్చున్నాడు. ముగ్గురూ పెద్దగా మాట్లాడుకోలేదు. బావ ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు మాటిమాటికీ సూర్యుడి వైపు చూస్తున్నాడు. ఆ మూట విప్పలేదు, ఆవిడకి ఇవ్వలేదు. పైగా ఆవిడ కాళ్ళు చూశాను, ఆ చెప్పుల్లో వేళ్ళు కూడా పట్టవు.

అంటే చిన్న కాళ్ళది ఇంకొకతి ఉంది. విమానాశ్రయానికీ నీ ఇంటికీ మధ్య ఎక్కడో. చీకటిపడే వేళ.

నీ ఊరిదాకా వచ్చి తిరిగెళ్ళినందుకు కోప్పడకు. వస్తే నా మొహం చూసి నువ్వు కనిపెట్టేస్తావు, బావ కూడా కనిపెట్టేస్తాడు.

తెహిత్

*

జానెత్,
అక్టోబరు మొదటి వారం

తెహిత్,

జీను బయట పెట్టాను. ఆ మాట ముందు చెప్పి మిగతాది వరసగా చెబుతాను.

ఖర్జూరాల కోత అయింది. బుధవారం పొద్దెక్కాక జీను దించి గుమ్మం బయట, దారిలో పోయేవాళ్ళకి కనిపించేలా పెట్టాను. గొడ్డలి పక్కన, చొక్కాలు పైన. ఫదిమాత చూసి ఒక్క మాట అనకుండా లోపలికి పోయింది. దాంతో తెలిసింది నేను ఎంత పని చేశానో.

అమ్మ వాకిట్లో ఎప్పటిలా గోడకి ఆనుకుని ఉంది. "జీనెందుకే బయట పెట్టావు?" అంది.

"నీకెలా తెలుసు?"

"తోలు వాసన రోజూ ఎడమ పక్క నుంచి వస్తుంది. ఇవాళ ఎదురుగా వస్తోంది."

చెప్పేశాను. నీ స్కేలు, గంటా ఇరవై నిమిషాలు, తుమ్మచెట్టు, పొగాకు, చిన్న కాళ్ళు, అన్నీ. అమ్మ నములుతూ విన్నది. నేను ఏడవడం అయ్యేదాకా ఆగింది. తర్వాత తన దిండు కింద చెయ్యిపెట్టి, పాతగుడ్డలో చుట్టినవి తీసి నా ఒళ్ళో పడేసింది.

మెత్తటి తోలు చెప్పులు తెహిత్. అమ్మ కాళ్ళు చిన్నవి. నీకూ నాకూ గుర్తే రాలేదు.

"వేసుకుంటే ఎవరిచ్చారని అడుగుతావు, అందుకే దాచాను," అంది. "చీకటిపడ్డాక నా కిటికీ గట్టు మీద పెట్టి పోతాడు. పొగాకూ అంతే. నేను ఎప్పుడూ ఎరగనట్టే ఉంటాను. ఎరిగినట్టు తెలిస్తే సిగ్గుపడి మానేస్తాడు."

"మరి పగలంతా ఆ చెట్టు కింద ఎందుకు? ఇంటికి రావచ్చుగా?"

"ఎలా వస్తాడే? ఈ ఇంటికి ఒకటే వాకిలి. ఆ వాకిట్లో నన్ను తెచ్చి కూర్చోబెట్టావు. నా ముందునుంచి నడవాలి, నేను వింటూ ఉండగా తినాలి, నీతో నవ్వాలి."

"నీకు కనిపించదు కదమ్మా."

"కళ్ళు పోయింది నాకు. అతనికి పోలేదుగా."

అమ్మ ఆగలేదు. "మీ ఇద్దరూ చదువుకున్నారు. నా కళ్ళతో పాటు అతని మర్యాద కూడా పోయిందని లెక్క కట్టారు. నేను పొద్దుగుంకగానే నిద్రొస్తోందని ఎందుకు పడుకుంటున్నాననుకున్నావు? నాకేం నిద్ర? దుప్పటి కింద మేలుకునే ఉంటాను, అతను రొట్టె నమలడం అయ్యేదాకా."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా ఆయన."

"ఏమని? మీ అమ్మని పంపించెయ్ అనా? దానికంటే గాలి మీద పెట్టడం నయం కదూ. గాలికి బిడ్డలెవరూ లేరు, బాధపడటానికి."

లేచి జీను లోపలికి తెద్దామని వెళ్ళేసరికి సూర్యుడు దిగిపోయాడు. ఆయన వచ్చేసి ఉన్నాడు. జీను ముందు నిలబడి చూస్తున్నాడు. ముసుగులోంచి కళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. వంగి దాన్ని భుజానికెత్తుకోబోయాడు. పెట్టడానికి మాటలు అక్కర్లేదన్నాను కదా, తీయడానికి కావాలట, అవి నా దగ్గర లేవు.

అప్పుడు లోపల్నుంచి అమ్మ మేకతో మాట్లాడటం మొదలుపెట్టింది. గట్టిగా, వీధికి వినిపించేలా.

"ఏమే మేకా, మా అమ్మాయి ఆ జీనుకి పురుగు పట్టిందని ఎండలో పెట్టింది. ఎండ పోయింది కదా, ఇంకా లోపల పెట్టరేం? బరువైంది, ఒక్కతీ మోయలేదు. ఇద్దరు పడితే బాగుండు. నాకైతే నిద్రొస్తోంది."

ఒక కొస ఆయన పట్టుకున్నాడు, ఒక కొస నేను పట్టుకున్నాను. గుమ్మం దాటుతుంటే అన్నాను, "ఎదురుగాలా?"

"కొంచెం," అన్నాడు.

ఖౌలెన్

*

తమన్‌రాసెత్,
అక్టోబరు

అక్కా,

నాలుగుసార్లు చదివాను. జవాబు రాయడానికి మూడు కాగితాలు పాడుచేశాను. చివరికి ఇంతే. ఇంటి వెనకవైపు అమ్మకి వేరే గది, వేరే వాకిలి కట్టించు. అది పూర్తయ్యేదాకా అమ్మని నా దగ్గరికి పంపు. విమానంలో. బావతో పాటు వచ్చే శనివారమే.

తెహిత్

*

జానెత్,
అక్టోబరు, శనివారం

తెహిత్,

అమ్మ ఈ ఉత్తరంతో వస్తోంది. సఫియా తోడు. చెప్పులు వేసుకునే ఎక్కింది, చూడు.

"బావతో పాటు" అని రాశావు. ఇంకా నేర్చుకోలేదే నువ్వు. ఆ చిన్న విమానంలో ముందు సీట్లో అత్తగారు, తోక దగ్గర అల్లుడా? అమ్మ వస్తోందని చెప్పగానే ఉక్సెం గురువారమే తన టికెట్టు ఎవరికో ఇచ్చేశాడు. ఉప్పు లారీ ఒకటి మీవైపు వస్తుంటే, నిన్న నమాజు కాగానే దాని మీద ఎక్కి కూర్చున్నాడు. "మూడు రోజులు పడుతుంది, పని పోతుందేమో" అన్నాను. "విమానాలు ఇప్పుడు నమ్మకం లేవు, ఎదురుగాలి" అన్నాడు. ఈసారి నవ్వాడు. ముసుగు లేకుండా.

గది పునాది మొన్న గురువారం తవ్వేసి పోయాడు.

ఖౌలెన్

*

తమన్‌రాసెత్,
అక్టోబరు చివర

అక్కా,

అమ్మ బాగుంది. విమానం దిగగానే మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుని అడిగింది, "ఏమే, అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా."

"ఇంతేనా దూరం? మూడో గ్లాసు కాలేదు. దీనికేనా నువ్వు రెండేళ్ళు రానిది?"

సఫియా తల పక్కకి తిప్పుకుంది. కొంతదూరం నడిచాక అమ్మ మళ్ళీ అంది, "ఆ పిల్లవాడు ఒక పూట ఆలస్యంగా వస్తే పటం తెచ్చి కొలిచారు." ఆ ఒక్కటీ చాలు.

రోజూ గుమ్మం దగ్గర కూర్చుని లారీల చప్పుడు వినేది. పొగాకు సంచి ముట్టలేదు. అడిగితే, నోరు బాగోలేదంది. లారీ ఎక్కడో ఇసుకలో దిగబడిందట, మూడు రోజులన్నది ఐదు రోజులైంది. నిన్న మిట్టమధ్యాహ్నం బావ వచ్చాడు, కనుబొమలనిండా ఉప్పూ దుమ్మూ. క్షేమంగా చేరానని చెప్పి పోదామని గుమ్మం అవతలే నిలబడ్డాడు. పని పోలేదులే, వాళ్ళ పెద్దాయన రెండు తిట్లు తిట్టి ఊరుకున్నాడట.

లోపలికి రమ్మనాలా వద్దా అని నేను తేల్చుకునేలోపే అమ్మ గోడ పట్టుకుని లేచి, మంచం మీద పడి, దుప్పటి తలదాకా లాక్కుంది. "అబ్బ, నిద్ర ముంచుకొస్తోంది" అంది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది.

బావ వచ్చి కూర్చున్నాడు. అందరికంటే మొదట నా చేతికి ఇచ్చింది పొగాకు పొట్లం, ఎవరికని చెప్పలేదు. మంచం పక్కన పెట్టాను. ఈ ఉత్తరం బుధవారం ఆయనే తెస్తాడు, దారం కట్టలేదు. దారిలో చదువుకుంటాననలేదు, అన్నా ఫరవాలేదు. మధ్యాహ్నానికే వస్తాడు, పిండి ముందే కలిపి ఉంచు.

టీ పోశాను. మూడు గ్లాసులూ తాగాడు, ముసుగు కాస్త దించి. దుప్పటి కింద అమ్మ పొగాకు నములుతున్న చప్పుడు మా ఇద్దరికీ వినిపిస్తూనే ఉంది.

తెహిత్